బల్బు వెలిగింది.. కారణం చెప్పలేదు!

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్ కోసం ఓ చిన్న పరికరం తయారుచేసింది. రెండు వేళ్లకు సెన్సర్లు, మణికట్టు మీద ఎల్‌ఈడీ బల్బు. మనసులో అలజడి పెరిగితే బల్బు వెలుగు పెరుగుతుంది. ఓ రాత్రి భోజనాల దగ్గర కూడా దాన్ని తీయలేదు. ‘మ్యాథ్స్ టెస్ట్ ఎలా రాశావమ్మా?’ అని అడిగాను. బల్బు ఒక్కసారిగా వెలిగింది. ‘అర్థమైందిలే’ అన్నాను నవ్వుతూ. తను కంచం వదిలేసి గదిలోకి వెళ్లిపోయింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. మేముండే బోస్టన్ పక్కనే ఉన్న ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రోజలిండ్ పికార్డ్ బృందం 1990ల చివర్లోనే ‘గాల్వాక్టివేటర్’ అనే చేతి తొడుగు చేసింది. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో డిజైనర్ క్రిస్టిన్ నైడ్లింగర్ ‘మూడ్ స్వెటర్’ రూపొందించారు. వేసుకున్నవారి ఉద్వేగాన్ని బట్టి దాని కాలర్ రంగులు మారుతుంది.

అన్నింటి కిటుకూ ఒకటే. ఉద్వేగం కలిగితే చెమట గ్రంథులు చురుకవుతాయి. చెమట పైకి కనిపించకపోయినా చర్మం గుండా విద్యుత్ మరింత తేలిగ్గా ప్రవహిస్తుంది. సెన్సర్ కొలిచేది దాన్నే. అయితే సంతోషమైనా, భయమైనా, కోపమైనా దానికి ఒకటే. గట్టిగా ఊపిరి పీల్చినా సూచీ లేస్తుంది. ఎంత అన్నది చెబుతుంది కానీ ఎందుకన్నది చెప్పదు.

ఇదే సంకేతం ప్రాణాలకూ అక్కరకొస్తోంది. మూర్ఛ వచ్చినట్టు గుర్తించి ఇంట్లోవాళ్లను అప్రమత్తం చేసే ‘ఎంబ్రేస్’ రిస్ట్‌బ్యాండ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చింది. మరోవైపు ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో మనుషుల భావోద్వేగాలను ఏఐతో పసిగట్టడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. వైద్యం, భద్రత అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆ రాత్రి తలుపు తట్టి వెళ్లి పక్కన కూర్చున్నాను. ‘టెస్ట్ బాగానే రాశాను నాన్నా. మీరు మార్కుల గురించి ఎప్పుడు అడిగినా నాకు ఇలాగే అవుతుంది’ అంది. ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. బల్బు లేదు కాబట్టి నాకు కనిపించలేదు. బల్బు ఉన్నా తప్పుగానే చదివాను.

ఫెయిర్‌కు వెళ్లే ముందు తను దానికి ఓ స్విచ్ బిగించింది. ఎప్పుడు వెలగాలో తనే నిర్ణయించుకుంటుందట. ఇలాంటివి పిల్లలకు కొనాలనుకుంటే ముందు చూడాల్సింది అదే. స్విచ్ ఎవరి చేతిలో ఉంది? ఇక భోజనాల దగ్గర నా మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు.