కోపం పోవాల్సింది బిహార్ మీదికి కాదు

రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నుల్లో ఉత్తరప్రదేశ్‌కు దాదాపు 18 శాతం, బిహార్‌కు 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సూచించిన ఈ వాటాలు చూసి ‘మనం కడుతుంటే వాళ్లు తింటున్నారు’ అన్న మాట దక్షిణాదిన గట్టిగానే వినిపించింది. వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇచ్చిన వాటాలు 4.305, 2.437. కాబట్టి ఈ బాధ ఉత్తిది కాదు. అయితే దానికి బిహార్‌ను తిట్టడం మాత్రం గురితప్పిన పని.

15వ సంఘం పంపకంలో 45 శాతం ప్రాధాన్యం తలసరి ఆదాయాల మధ్య అంతరానికి ఇచ్చింది. పేద రాష్ట్రం తన రాబడితో బడి, ఆసుపత్రి నడపలేదు కాబట్టి దానికి ఎక్కువ ఇస్తారు. హైదరాబాద్ రాబడిలో కొంత ఆదిలాబాద్ రోడ్లకు వెళ్తే అన్యాయమని ఎవరూ అనరు. రాష్ట్ర సరిహద్దు దాటగానే ఆ న్యాయం ఎందుకు మారాలి? పైగా ‘మనం కట్టిన పన్ను’ తేల్చడమే కష్టం. కంపెనీ తన పన్ను ముంబైలో కడుతుంది, దాని సరుకు కొన్నవాళ్లు దేశమంతా ఉంటారు. ఆంధ్రకు 2021-22లో 15వ సంఘం సిఫార్సుపై వచ్చిన 17,257 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంటు కూడా ఈ సూత్రం ఫలమే.

మరి జనాభాను అదుపు చేసినందుకు శిక్షా? 1971 లెక్కలు వదిలి 2011 జనాభాను తీసుకోవడం మనకు నష్టమే. జనాభా అదుపునకు ఇచ్చిన 12.5 శాతం ప్రాధాన్యం ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు. కానీ నేడు బడిలో కూర్చున్న పిల్లలను 1971 జాబితాతో లెక్కపెట్టలేం కదా! ఇచ్చిన డబ్బు సద్వినియోగమవుతుందన్న హామీ ఏదన్న ప్రశ్న ఇంకా బలమైనది. పన్నుల వాటాకు షరతులుండవు. ఉండాలంటే పగ్గాలు ఢిల్లీ చేతికివ్వాలి, అవి రేపు మన మెడకూ పడతాయి.

అసలు గండి వేరే చోట ఉంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వాటా అన్నది కేంద్రం వసూలు చేసే మొత్తంలో కాదు. సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ పంపకంలోకి రావు. ఉదాహరణకు 2022 మే తగ్గింపు తర్వాత లీటరు పెట్రోలుపై కేంద్ర సుంకం 19.90 రూపాయలుగా ఉండేది. అందులో రాష్ట్రాలతో పంచుకునే మూల సుంకం 1.40 రూపాయలే. మిగతా పద్దెనిమిదిన్నర రూపాయల్లో పన్నుల వాటా బిహార్‌కూ రాలేదు, మనకూ రాలేదు. మన ఎంపీలు పార్లమెంటులో నిలదీయాల్సింది దీన్ని. అందుకు పక్కన నిలబడాల్సిన వాళ్లలో బిహార్ ఎంపీలు కూడా ఉన్నారు.