వింటినారి ఇంట్లోనే చేసుకోవచ్చు.. కావాల్సిన పరికరాలు ఇవే

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే ఊరి కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. వాళ్లలా బాణం వేస్తామని పిల్లలు అడిగితే, విల్లు కొనడంతో ఖర్చు అయిపోదు. విల్లు ఏళ్ల తరబడి ఉంటుంది గానీ నారి అరిగిపోతూనే ఉంటుంది. రికర్వ్ విల్లుకైతే నారి ఇంట్లోనే చేసుకోవచ్చు. కప్పీలుండే కాంపౌండ్ విల్లుకు బో ప్రెస్ కావాలి కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

ముందు దారం సంగతి

డాక్రాన్ అంటే పాలియెస్టర్ దారం. కాస్త సాగుతుంది కాబట్టి విల్లు కొమ్మల మీద దెబ్బ తగ్గుతుంది. పాత విల్లుకు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మేలు. ఫాస్ట్‌ఫ్లైట్ లాంటివి దాదాపు సాగవు, బాణం వేగంగా వెళ్తుంది. కానీ కొనలు గట్టిగా లేని విల్లుకు ఇవి కడితే కొమ్మలు చీలిపోవచ్చు. విల్లు తయారీదారు ఏది వాడమన్నారో చూసుకున్నాకే కొనాలి.

స్ట్రింగ్ జిగ్

అసలు పరికరం ఇదే. పొడవాటి పట్టీ, దాని రెండు చివర్లా తిరిగే చేతులు, ఒక్కో చేతికి రెండేసి మేకులు. చెక్క, బోల్టులతో వడ్రంగి చేత చేయించుకోవచ్చు. విల్లు పొడవు 68 అంగుళాలైతే నారి సుమారు 65 అంగుళాలు ఉండాలి. 16 పోగుల నారి కావాలంటే దారాన్ని 8 చుట్లు తిప్పాలి. ప్రతి చుట్టూ ఒకే బిగువుతో పడాలి. ఒక పోగు వదులైతే దాని బరువు మిగతా పోగుల మీద పడుతుంది, నారి త్వరగా తెగుతుంది.

సర్వింగ్ టూల్

కొనల్లోని ఉచ్చులకు, బాణం తగిలించే నడిమి భాగానికి రక్షణగా మరో దారం చుడతారు. దాన్నే సర్వింగ్ అంటారు. చేత్తో చుడితే బిగువు ఒకేలా రాదు. దారపు ఉండను పట్టుకుని స్క్రూతో బిగువు సరిచేసే చిన్న పనిముట్టు ఇందుకు కావాలి. నారికి మెలిక ఏ వైపు వేస్తారో, సర్వింగ్ కూడా ఆ వైపే చుట్టాలి. లేదంటే వాడేకొద్దీ వదులవుతుంది. నడిమి సర్వింగ్ మీద బాణం 'టక్' మని కూర్చోవాలి. అలా వేలాడే బాణం నారిని వేలితో మెల్లగా తడితే ఊడిరావాలి.

మైనం, బో స్క్వేర్

నారికి మైనం రాసి, తోలు ముక్కతో వేడెక్కేదాకా రుద్దితే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సర్వింగ్ మీద మాత్రం రాయొద్దు. విల్లుకు ఎక్కించాక, పట్టు నుంచి నారి ఎంత దూరం ఉందో బో స్క్వేర్‌తో కొలవాలి. 68 అంగుళాల రికర్వ్‌కు మామూలుగా ఇది ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అంగుళాలు ఉంటుంది. తక్కువుంటే నారికి ఇంకొన్ని మెలికలు వేయాలి, ఎక్కువుంటే కొన్ని విప్పాలి.

ఇది మరవొద్దు

పూర్తిగా లాగినప్పుడు నారి తెగితే ఆ బలమంతా కొమ్మల మీదే పడుతుంది. విల్లు విరగొచ్చు, వేసేవాళ్లకు దెబ్బ తగలొచ్చు. అందుకే ఒక్క పోగు తెగినా ఆ నారిని పక్కన పడేయాలి. బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదు. మొదటిసారి చేసిన నారిని పిల్లల చేతికిచ్చే ముందు కోచ్‌కు చూపించాలి. దారం ఖర్చుతో పోతుంది, మళ్లీ చేసుకోవచ్చు. కంటికి దెబ్బ తగిలితే ఆ నష్టం తిరిగిరాదు.