తుఫాను రోజున ఇంటర్వ్యూ: వెళ్ళాలా, ఆగాలా?

హాస్టల్ తమ్ముళ్ళు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. దుర్గి నుంచి చలికాలం ప్రయాణానికి అడ్డం రెండు: పొగమంచు, తుఫాను. పొగమంచు ఎండెక్కితే విడిపోతుంది; ముందురోజే బయలుదేరి గుంటూరులో సీనియర్ల గదిలో పడుకుంటే చాలు.

తుఫాను సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలులు గంటకు 90-100 కిలోమీటర్ల వేగంతో వీచాయి. వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు అంటే గమనించమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్తపడమని. మన జిల్లాకు గానీ, వెళ్ళే జిల్లాకు గానీ ఎరుపు ఉంటే ఆగాలి. కాల్ లెటర్‌లోని నంబరుకు ముందురోజే ఫోన్ చేసి మరో తేదీ అడగాలి, అదే మాట ఈమెయిల్లోనూ రాయాలి.

ఇంట్లో మొదటి డిగ్రీ మనదే కాబట్టి, అడిగితే అవకాశం పోతుందేమోనని భయం. తేదీ ఇవ్వకపోవచ్చు కూడా. అయినా అడగాలి, చెప్పకుండా మానేస్తే రానివాళ్ళ కిందే లెక్క. పొంగే వాగు దాటి చేరుకోవాల్సినంత ఉద్యోగం ఏదీ లేదు.