నేలలో మ్రోగు లోహము

లోహమును పసిగట్టు యంత్రమును క్రొత్తగా కొన్నవారు దానితో నేరుగా పాతదిబ్బల మీదికి పోవుట తగదు. మొదట పెరటిలో నొక రాగినాణెమును, ఇనుపమేకును, సీసపు ముక్కను జానెడు లోతున పాతి, తీగచుట్ట గల పళ్లెమును నేలకు సమముగా మెల్లగా నాడించుచు, ఏ లోహమున కేధ్వని వచ్చునో చెవికి పట్టించుకొనవలెను. బందరు, దివిసీమల చవిటినేల తడిసినపుడు లోహము లేకయే యంత్రము కూయును. అట్టిచోట పళ్లెమును పైకిని క్రిందికిని కదలించి, నేలధ్వని యణగువరకు మీటను సరిచేయవలెను. చెమ్మ మారినచో మరల నదే పని.

పనికిరాని లోహముల ధ్వనిని మాన్పు మీట వేరొకటి కలదు. మేకుల బెడద తప్పునని దానిని మితిమీర పెంచినచో చిన్న సీసపు బిళ్లయు మూగవోవును. శాతవాహనుల నాణెములలో పెక్కులు సీసపువే గదా!

అయితే ధ్వని వినబడిన ప్రతిచోటను పార వేయరాదు. నాణెము చేజిక్కును గాని, అది యే పొరలో, ఏ యిటుక చెంత నుండెనో యా సాక్ష్యము మరల రాదు. 1894 నాటి అలెగ్జాండర్ రీ గ్రంథమున కెక్కిన గుడివాడ, ఘంటసాల స్తూపస్థలముల చాయలకు యంత్రమును కొనిపోనే వలదు. స్వంత పొలమున దొరకినను, నిక్షేపము విలువ పది రూపాయలు మించినచో కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. దాచినవానికి శిక్షయు కలదు. గట్టున జారిన యుంగరమును, దుక్కిలో విరిగిన నాగటికర్రును వెదకుకొనుటకు మాత్రము ఎవరి యనుమతియు నక్కరలేదు.