గాడిపొయ్యి వెలిగించేదెవరు?

పాలు కాచుకోవడానికి ఎవరూ గాడిపొయ్యి వెలిగించరు. పెళ్లివంటకి ఇంట్లో గ్యాస్ స్టవ్వు చాలదు. ఈ రెండు పొయ్యిలనూ ఒకే ఇంట్లో పెట్టుకుని, ఏ వంట దేనిమీద వండాలో తేల్చుకోలేక ఏళ్ల తరబడి అవస్థపడుతున్న యంత్రం గేమింగ్ ల్యాప్‌టాప్.

అందులో బొమ్మలు గీసే చిప్పులు రెండు. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయి ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోనే కాస్త చోటు పుచ్చుకుంటుంది. కరెంటు తక్కువ తాగుతుంది, ఫ్యాను తిరిగినట్టే తెలియదు. రెండోది విడిగా ఉండే గ్రాఫిక్స్ కార్డు. సొంత మెమరీ, సొంత వేడి, సొంత ఆకలి. పెద్ద ల్యాప్‌టాపుల్లో ఈ ఒక్క చిప్పే వంద వాట్లు దాటి లాగుతుంది. ప్రత్యేక అనుమతి లేకుండా విమానం ఎక్కనిచ్చే బ్యాటరీ హద్దు 100 వాట్ అవర్లు, అందుకే ఎంత ఖరీదైన ల్యాప్‌టాపుకైనా అంతకు మించిన బ్యాటరీ పెట్టరు. అంటే రెండో చిప్పును పూర్తిగా వదిలేస్తే గంట కూడా గడవదు. దాన్ని నిద్రపుచ్చాలి, అవసరమైనప్పుడు లేపాలి. లేపేదెవరన్నదే ఈ కథంతా.

ఒకే తెరకి ఇద్దరు చిత్రకారులన్న ఏర్పాటు ల్యాప్‌టాపులతో పుట్టలేదు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ అనే చిప్పు తెచ్చింది. దానికి త్రీడీ ఆటలు తప్ప మామూలు విండోస్ తెర గీయడం రాదు. కనుక డెస్క్‌టాప్‌లో పాత కార్డు అలాగే ఉండేది. దాని నుంచి ఒక కేబుల్ వూడూ కార్డులోకి, అక్కణ్ణుంచి ఇంకో కేబుల్ మానిటర్‌కి. ఆట మొదలవగానే వూడూ పాత కార్డు సిగ్నల్‌ను పక్కకి నెట్టి తన బొమ్మ పంపేది. కొన్ని కార్డుల్లో ఆ మార్పిడి చేసే రిలే టక్కుమని చప్పుడు చేసేది కూడా. ఎవరు పనిచేస్తున్నారో చెవికి తెలిసిన రోజులవి.

2006లో సోనీ తన వాయో ఎస్‌జెడ్ ల్యాప్‌టాపులో ఇంటెల్ చిప్పునూ ఎన్విడియా చిప్పునూ కలిపి పెట్టి, కీబోర్డు పైన ఒక మీట బిగించింది. ఒక వైపు స్టామినా, ఇంకో వైపు స్పీడ్. వేలితో జరిపితే చాలదు, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. రైల్లో కూర్చుని పని చేసుకుంటున్నవాడు స్టామినాలో ఉంచుకుంటాడు, ఇంటికెళ్లాక స్పీడ్‌కి మార్చుకుంటాడు. 2008 చివర్లో వచ్చిన ఆపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో రెండూ ఎన్విడియా చిప్పులే. అందులో రీస్టార్ట్ అక్కర్లేదు గానీ, లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి. నా మట్టుకు నాకు ఆ సోనీ మీటంటే గౌరవం. మొరటుదే, కానీ అబద్ధం చెప్పదు.

ఇదిలా ఉండగా 2010 జనవరిలో ఇంటెల్ తన కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల ప్యాకేజీలోనే గ్రాఫిక్స్‌నూ పెట్టేసింది. ఇక ప్రాసెసర్ కొంటే చిన్న పొయ్యి దానితోపాటే వచ్చేస్తుంది. మరుసటి నెలలోనే ఎన్విడియా ఆప్టిమస్‌ను ప్రకటించింది. ఇందులోని తెలివి చాలా సూటిది. తెరకి పోయే తీగను అటూ ఇటూ మార్చడమెందుకు? దాన్ని శాశ్వతంగా చిన్న చిప్పుకే కట్టేద్దాం. పెద్ద చిప్పు పెరట్లో వండుతుంది, వండింది తెచ్చి వంటింటి గిన్నెల్లో పోస్తుంది, వడ్డన మాత్రం ఎప్పుడూ వంటింటి గుమ్మం నుంచే. అంటే పెద్ద చిప్పు ఒక్కో ఫ్రేమును గీసి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో ర్యామ్‌లోకి కాపీ చేస్తుంది. చిన్న చిప్పు దాన్నక్కడ తీసుకుని తెరకి పంపుతుంది. పని లేనప్పుడు పెద్ద చిప్పుకి కరెంటే ఆపేయొచ్చు. మీట లేదు, రీస్టార్ట్ లేదు, తెర నల్లబడటం లేదు.

ఆ కాపీ భారమెంత? 1920 × 1080 తెరలో ఒక్కో చుక్కకి నాలుగు బైట్లు వేసుకుంటే, ఒక ఫ్రేముకి దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకి 60 ఫ్రేములంటే 50 కోట్ల బైట్లు. ఆనాటి దారికి అదొక లెక్క కాదు.

చిక్కంతా వండటంలో కాదు, ఏది పెళ్లివంటో గుర్తుపట్టడంలో ఉంది. డ్రైవర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. మీరు తెరిచిన ప్రోగ్రాం ఫైలు పేరు అందులో ఉంటే పెద్ద చిప్పు లేస్తుంది. లేకపోతే చిన్నదానితోనే సరి. అందుకే అన్నిటికన్నా చిత్రంగా దొరికిపోయింది మైన్‌క్రాఫ్ట్. అది జావాలో రాసిన ఆట. డ్రైవర్‌కి కనిపించే ఫైలు పేరు మైన్‌క్రాఫ్ట్ కాదు, జావాడబ్ల్యూ. ఆ పేరుతో ఆటా నడుస్తుంది, ఆఫీసు లెక్కల ప్రోగ్రామూ నడుస్తుంది. అంత పేరున్న ఆట, మారువేషంలో వచ్చిన పెళ్లికొడుకులా గుమ్మం బయటే నిలబడిపోయేది. ఆడేవాళ్లే ఆ జావా ఫైలును వెతికి పట్టుకుని, దీనికి పెద్ద చిప్పు ఇవ్వమని ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చెప్పుకోవాల్సి వచ్చేది. తరవాత ఆట రాసేవాళ్లకే ఒక ఉపాయం దొరికింది. ఎన్వీఆప్టిమస్‌ఎనేబుల్‌మెంట్ అనే చలరాశిని ప్రోగ్రాంలో ప్రకటించి విలువ ఒకటి పెడితే చాలు, జాబితాతో పని లేకుండా డ్రైవర్ పెద్ద చిప్పును లేపుతుంది.

లైనక్స్ వాడేవాళ్ల గోడు వేరు. మొదట్లో వాళ్లకి ఎన్విడియా ఏ సాయమూ చేయలేదు. 2011లో ఔత్సాహికులు బంబుల్‌బీ పేరుతో సొంతంగా ఒక దారి వేసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్స్ కథల్లో ఆప్టిమస్ ప్రైమ్ అనుచరుడి పేరది. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒకచోట ఉండకూడని ఖాళీ ఒకటి పడింది. ఆ ఒక్క స్పేస్ వల్ల, ఒక చిన్న ఫోల్డర్‌ను చెరపాల్సిన ఆజ్ఞ ప్రోగ్రాములన్నీ ఉండే యూఎస్ఆర్ ఫోల్డర్‌ను మొత్తంగా ఊడ్చేసేది. మరుసటి ఏడు ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో, ఈ ఆప్టిమస్ ఇబ్బంది మీద సభలో ప్రశ్న వచ్చినప్పుడే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకి మధ్యవేలు చూపించాడు. ఆ బొమ్మ చూడని ప్రోగ్రామర్ అరుదు. వెనక ఉన్నది ఈ రెండు పొయ్యిల తగాదా అని తెలిసినవాళ్లు ఇంకా అరుదు. ఎన్విడియా సొంత లైనక్స్ డ్రైవర్‌లో పెద్ద చిప్పుకి పని అప్పగించే సదుపాయం సరిగ్గా వచ్చింది 2019లో.

విండోస్ మాత్రం 2018లో పెత్తనం తన చేతుల్లోకి తీసుకుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరుసగా తెరిచి, ఆట ఫైలును చేర్చి, హై పెర్ఫార్మెన్స్ అని పెడితే ఆ మాటే చెల్లుతుంది. ఎవరు పనిచేస్తున్నారో చూడాలంటే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ సున్నా, జీపీయూ ఒకటి అని రెండు గ్రాఫులుంటాయి. ఆట సాగుతున్నప్పుడు రెండూ కదులుతుంటే కంగారుపడక్కర్లేదు. ఒకటి వండుతోంది, ఒకటి వడ్డిస్తోంది.

మా మేనల్లుడు ఇక్కడే పప్పులో కాలేశాడు. రెండు గ్రాఫులూ కదలడం చూసి, చిన్న చిప్పు పెద్దదాని పని కాజేస్తోందనుకున్నాడు. డివైస్ మేనేజర్‌లోకి పోయి ఇంటెల్ గ్రాఫిక్స్‌ను డిజేబుల్ చేశాడు. రాత్రి పదకొండింటికి ఫోను. "మామయ్యా, ఇంటెల్‌ది పీకేశాను. ఇప్పుడు ఇంకా ఘోరంగా ఉంది." ఉండదూ మరి? తెర తీగ ఉన్నదే దాని చేతిలో. వంటింటి తలుపుకి తాళం వేసి పంక్తిలో కూర్చుంటే అన్నం ఎక్కణ్ణుంచి వస్తుంది! ఎనేబుల్ చేయమన్నాను. మర్నాడు ఇంకో వింత చెప్పాడు: టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే ఆట జోరుగా ఉందిట. చాలా గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టు నేరుగా పెద్ద చిప్పుకే కట్టి ఉంటుంది. గాడిపొయ్యి దగ్గర నుంచే వడ్డన.

ఆ నేరు దారి లోపలి తెరకీ కావాలని అడిగే రోజు రానే వచ్చింది. తెరలు పదునెక్కాయి, వేగం పెరిగింది. 2560 × 1600 తెర సెకనుకి 240 సార్లు మారాలంటే కాపీ 393 కోట్ల బైట్లకి చేరుతుంది. తెర వేగాన్ని చిప్పు వేగంతో జతకలిపే ఎన్విడియా జీ-సింక్ కూడా మధ్యవర్తి ఉంటే నడవదు. దాంతో పక్కన పెట్టేసిన తీగ మార్చే ఏర్పాటు మక్స్ స్విచ్ పేరుతో తిరిగొచ్చింది. 2020లో ఎన్విడియా అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్‌ను ప్రకటించింది. అది ఉన్న ల్యాప్‌టాపుల్లో తీగ దానంతటదే మారుతుంది. లేనివాటిలో బయాస్‌లోనో, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనో మనమే మార్చాలి.

మావాడి ల్యాప్‌టాపు రెండో రకం. మెనూ ఎక్కడుందో వెతికించి, ఏది నొక్కాలో ఫోన్లోనే చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు.

"రీస్టార్ట్ అడుగుతోంది మామయ్యా, చెయ్యమంటావా?"