లేజర్లు సరే, చెనక్కాయ చెట్టు పక్కన కలుపు తీస్తుందా?

లేజర్‌వీడర్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అమెరికా కంపెనీ కార్బన్ రోబోటిక్స్ మెషీన్ అది. 2022లో వచ్చిన మోడల్ అయితే ట్రాక్టర్ వెనక 20 అడుగుల వెడల్పు, అందులో ఒక్కోటి 150 వాట్ల లేజర్లు 30 ఉండేవి. కెమెరాల్లో చూసి ఏది పంటో, ఏది కలుపో ఏఐ తేలుస్తుంది, లేజర్ కలుపు మొక్క మొగ్గని కాల్చేస్తుంది. మందు చుక్క అక్కర్లేదు. వెంటనే మామకి ఫార్వర్డ్ చేశా.

మామది పూతలపట్టు దగ్గర వానాధారం చెనక్కాయ చేను. ప్రకృతి వ్యవసాయంలోకి మారాక కలుపు మందు మానేశాడు. ఇక కూలోళ్లే దిక్కు. వాన పడితే ఊరంతా ఒకేసారి వాళ్లని పిలుస్తుంది. వారం ఆలస్యమైతే గడ్డి పంటని మింగేస్తుంది. మామ రిప్లై ఒక్కటే: "సాళ్ల మధ్యది గుంటకతోనే పోతాది. చెట్టు పక్కనే ఉండేది తీస్తాదా అది?"

రూంబా రూపకర్తల్లో ఒకరైన జో జోన్స్ చేసిన టెర్టిల్ గుర్తొచ్చింది. సోలార్ బుల్లి రోబో. ఎత్తు మొక్క తగిలితే పక్కకి తిరుగుతుంది, పొట్ట కిందికి దూరే పొట్టి మొక్కని కోసేస్తుంది. పెరటి టమాటాకి సూపర్. చెనక్కాయ చెట్టే పొట్టిది, కాబట్టి ముందు పంటే పోతుంది!

ఇంకో డెడ్‌లైన్ ఉంది. దాదాపు 45 రోజులకి ఊడలు నేలలోకి దిగుతాయి. ఆ తర్వాత మట్టి కదిలిస్తే కాయలు పోయినట్టే. బ్లేడు రోబోలకి అక్కడితో ఫుల్‌స్టాప్. లేజర్ మట్టిని ముట్టుకోదు కాబట్టి ఈ రౌండ్ దానిదే. కానీ తుంగకి నేలలో గడ్డ ఉంటుంది, పైన కాల్చినా మళ్లీ లేస్తుంది. మనదగ్గరా హైదరాబాద్ స్టార్టప్ ఎక్స్‌మెషీన్స్ పొలం రోబోలు చేస్తోంది. ఏ కంపెనీదైనా నేనడిగేది ఒకటే: 30 సెంటీమీటర్ల సాళ్లలో, చెట్టుకి ఎంత దగ్గరగా వెళ్తుంది?

పోయిన ఖరీఫ్‌లో లీవు పెట్టి చేలో ఫోన్‌తో ఫొటోలు తీసి, యోలో మోడల్ ట్రైన్ చేశా. సన్నాకుల గరికని, తుంగని ఇట్టే పట్టేసింది. తగిరిస దగ్గర బోల్తా. చెనక్కాయ ఆకుకి నాలుగు రెక్కలు, తగిరిసకి ఆరు, ఆకారం మాత్రం దాదాపు ఒకటే. ఆకులు ఒకదానిమీద ఒకటి పడితే లెక్క దొరకదు. అవ్వ మాత్రం నడుస్తూనే పీకేస్తుంది, మా మోడల్‌కి అవమానం.

కలుపు మిగిలితే తర్వాత తీయొచ్చు, పంట చెట్టు పోతే రాదు. అందుకే కాన్ఫిడెన్స్ 90 శాతం దాటితేనే కలుపు అని సెట్ చేశా. పంట సేఫ్. కానీ కలుపు సగం వదిలేస్తోంది. రిజల్ట్ మామకి చూపించా.

"ఆ సగానికి మళ్లా కూలోళ్లని పిలవాల్సిందే కదరా" అన్నాడు.

ప్రస్తుతం తగిరిస ఫొటోలు లేబుల్ చేస్తున్నా.