కుట్టుమిషన్ల దగ్గర మొదలైన స్త్రీవాదం

అమెరికా స్త్రీవాద చరిత్ర తిరగేస్తే కొన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. 1963లో 'ది ఫెమినైన్ మిస్టిక్' రాసిన బెట్టీ ఫ్రీడన్, 1972లో 'మిస్' పత్రిక పెట్టినవాళ్ళలో గ్లోరియా స్టైనమ్, లెట్టీ పోగ్రెబిన్, పెద్ద టోపీ పెట్టుకుని ప్రతినిధుల సభను హడలెత్తించిన బెల్లా ఆబ్జుగ్, పాతికేళ్ళ వయసులో 'ది డయలెక్టిక్ ఆఫ్ సెక్స్' రాసిన షులమిత్ ఫైర్‌స్టోన్, కోర్టు మెట్లెక్కి చట్టాల్లోని వివక్షను ఒక్కొక్కటిగా కొట్టేయించిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. స్టైనమ్‌కు తండ్రి వైపు నుంచి, మిగతావాళ్ళకు అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చింది యూదు వారసత్వం. ఆ రోజుల్లో అమెరికా జనాభాలో యూదులు నూటికి ముగ్గురే. నూటికి ముగ్గురున్న సమాజం నుంచి ముందు వరసలోకి ఇంతమంది ఎలా వచ్చారు?

దీనికి రెండు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. యూదుమతం మొదటి నుంచీ న్యాయం గురించి మాట్లాడింది, ప్రవక్తలు పేదల పక్షాన నిలబడ్డారు, ఆ సంస్కారమే ఈ ఆడవాళ్ళలో పనిచేసిందన్నది మొదటిది. రెండోది దీనికి సరిగ్గా ఎదురు. సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలంటే ఆడవాళ్ళను లెక్కలోకి తీసుకోని మతం, తనను స్త్రీగా పుట్టించనందుకు మగవాడు రోజూ పొద్దున్నే దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే మతం కాబట్టే తిరుగుబాటు వచ్చిందంటారు. మతం మంచిదైనా ఫలితం ఇదే, చెడ్డదైనా ఫలితం ఇదే అంటే మతం మనకు వివరించిందేమీ లేదన్నమాట. పైగా యూదుల పవిత్ర గ్రంథమైన ఇదే తోరాను యెమెన్‌లో చదివారు, బాగ్దాద్‌లో చదివారు, మన కొచ్చిన్‌లోనూ చదివారు. ఈ తరహా ఉద్యమం మాత్రం తూర్పు యూరప్ నుంచి న్యూయార్క్ వెళ్ళిన కుటుంబాల్లోనే ఇంత బలంగా పుట్టింది. అందుకని కారణాన్ని గ్రంథాల్లో కన్నా బతుకుతెరువులో వెతకడం మేలని నా వాదన. జీతం, ధర, ఆస్తి, అద్దె ఈ ఆడవాళ్ళను వీధిలోకి తెచ్చాయి. సిద్ధాంతం వెనకాల వచ్చింది.

మొట్టమొదటి ఉదాహరణలోనే ఇది కనిపిస్తుంది. ఎర్నెస్టిన్ రోజ్ 1810లో పోలండ్‌లో ఒక రబ్బీ (యూదు మతగురువు) ఇంట్లో పుట్టింది. పదహారేళ్ళప్పుడు తల్లి పోయింది. తల్లి ఆస్తి కూతురికి దక్కాలి. తండ్రి ఆమెను అడక్కుండా సంబంధం ఖాయం చేశాడు. పెళ్ళి కాదంటే ఆస్తి వరుడికి పోయేలా ఒప్పందం రాశారు. ఆమె రబ్బీల పంచాయితీని కాదని ప్రభుత్వ న్యాయస్థానానికెక్కి, తన వాదన తానే వినిపించి గెలిచింది. తర్వాత ఇల్లు విడిచి బెర్లిన్, లండన్ మీదుగా 1836లో న్యూయార్క్ చేరింది. అప్పటికి అక్కడ పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి మీద హక్కు లేదు. ఆ హక్కు కోరుతూ ఆమె గడప గడపకూ కాగితం పట్టుకు తిరిగితే దొరికినవి అయిదు సంతకాలు! మగవాళ్ళు నవ్వుతారని కొందరు ఆడవాళ్ళు వెనక్కి తగ్గారట, ఉన్న హక్కులు చాలని మరికొందరన్నారట. పన్నెండేళ్ళకు, 1848లో, న్యూయార్క్ రాష్ట్రం ఆ చట్టం చేసింది. రోజ్ మతం వదిలేసిన నాస్తికురాలు. అయినా పదహారేళ్ళ పిల్లగా తన ఆస్తి కోసం కోర్టులో నిలబడటానికీ, పాతికేళ్ళు దాటాక అందరి ఆస్తి కోసం కాగితం పట్టుకోవడానికీ ఉన్న సంబంధం ఎవరికైనా కనిపిస్తుంది.

అయితే రోజ్ ఒంటరి మనిషి. ఆడవాళ్ళు గుంపులుగా కదలడం 1880ల తర్వాతి మాట. రష్యా సామ్రాజ్యంలో పేదరికానికీ, యూదుల మీద జరిగిన దాడులకూ తట్టుకోలేక లక్షల కుటుంబాలు అమెరికా దారి పట్టాయి. వాళ్ళు వదిలి వచ్చిన ఊళ్ళలో ఆదర్శ పురుషుడు గ్రంథాలు చదువుకునే పండితుడు. అతను చదువుకుంటే ఇల్లు గడవాలి కదా, భార్య సంతలో కొట్టు పెట్టేది, బేరమాడేది, అప్పులు వసూలు చేసేది. నిజానికి అలా కూర్చుని చదువుకోగలిగిన మగవాళ్ళు తక్కువే, చాలామంది చేతిపనులు చేసుకునేవాళ్ళే. కానీ ఆదర్శం ఒకటంటూ ఉండటం వల్ల ఆడది బజారుకెక్కి సంపాదించడం అక్కడ అప్రతిష్ట కాలేదు. మర్యాదస్తుల ఇంటి ఇల్లాలు గడప దాటకూడదనే నియమం అదే కాలపు ఇంగ్లీషు, అమెరికన్ మధ్యతరగతిని బిగించి పట్టుకుంది. వీళ్ళ మెడకు ఆ గుదిబండ లేదు.

దాని ఫలితం 1902 మేలో న్యూయార్క్‌లోని యూదు పేట లోయర్ ఈస్ట్ సైడ్‌లో బయటపడింది. ఆచారం ప్రకారం కోసిన కోషర్ మాంసం ధర పౌనుకు 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు ఎగబాకింది. ఇంగ్లీషు సరిగా రాని, పిల్లల తల్లులైన గృహిణులు ఇల్లిల్లూ తిరిగి బహిష్కరణకు పిలుపిచ్చారు. కొట్ల ముందు కాపు కాశారు, కొన్నవాళ్ళ చేతుల్లోంచి మాంసం లాక్కుని కిరసనాయిలు పోశారు, పోలీసులతో కలబడ్డారు. శనివారం ప్రార్థనా మందిరాలైన సినగాగ్‌లలోకి నడిచి తోరా పఠనాన్ని ఆపించారు. అన్యాయం జరిగినప్పుడు పఠనాన్ని ఆపి సభకు మొరపెట్టుకోవడం యూదుల పాత సంప్రదాయమే. వాడుకలో మాత్రం అది మగవాళ్ళది. ఆడవాళ్ళకు ఆ హక్కు ఉందా అని వీళ్ళు ఎవరినీ అడగలేదు, వాడుకున్నారు. జూన్‌లో ధర 14 సెంట్లకు దిగింది. అరెస్టయిన వాళ్ళలో మూడొంతులకు పైగా ఆడవాళ్ళే. ఇది స్త్రీవాదమా అని పెదవి విరిచే వాళ్ళుంటారు. పేరు ఏదైనా, తర్వాతి పదేళ్ళలో సమ్మెలు నడిపిన అమ్మాయిలు ఇలాంటి తల్లుల మధ్య పెరిగిన వాళ్ళు.

ఆ అమ్మాయిలు ఎక్కువగా చేరింది షర్ట్‌వెయిస్ట్ కార్ఖానాల్లో. షర్ట్‌వెయిస్ట్ అంటే ఆఫీసుకెళ్ళే ఆడవాళ్ళు తొడుక్కునే, ముందు బొత్తాలుండే చొక్కా. ఊపిరాడని అంతస్తుల్లో వరసలుగా కుట్టుమిషన్లు. తెల్లారింది మొదలు చీకటిపడే దాకా పని. సూదికి, దారానికి, మిషను నడిపే కరెంటుకు కూడా జీతంలోంచే కోత. ఆలస్యమైతే జరిమానా. సాయంత్రం వెళ్ళేటప్పుడు సంచీ వెతికించుకోవాలి. 1909 నవంబర్ 22 రాత్రి కూపర్ యూనియన్ హాల్లో కార్మికుల పెద్ద సభ జరిగింది. నాయకులు రెండు గంటల పాటు జాగ్రత్త జాగ్రత్త అంటూ ఉపన్యసించారు. అప్పుడు క్లారా లెమ్లిక్ అనే ఇరవైమూడేళ్ళ అమ్మాయి మాట్లాడతానంటూ వేదిక మీదికి వెళ్ళింది. అంతకు రెండు నెలల ముందే గూండాలు పక్కటెముకలు విరిగేలా కొట్టారామెను. మాటలు విని విసిగిపోయాను, సమ్మెకు తీర్మానం పెడుతున్నానని తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో సూటిగా చెప్పేసింది. హాలంతా చేతులెత్తింది. ద్రోహం చేస్తే ఈ చెయ్యి ఎండిపోవాలని పాత యూదు ప్రమాణం చేశారు. రెండు మూడు రోజుల్లో ఇరవై వేలమంది, అత్యధికులు ఆడపిల్లలు, పని ఆపేశారు. పోలీసుల లాఠీలు, జైళ్ళు, చలి. 1910 ఫిబ్రవరి కల్లా మూడు వందలకు పైగా కంపెనీలు యూనియన్‌తో ఒప్పందానికి వచ్చాయి.

ఇక్కడ మన కులం, మన జాతి అన్న ఐక్యతేమీ లేదు. కార్మికులు యూదులైతే యజమానుల్లోనూ చాలామంది యూదులే. యూనియన్ ఒప్పందానికి లొంగని ట్రయాంగిల్ కంపెనీ యజమానులు బ్లాంక్, హారిస్ కూడా అంతే. 1911 మార్చి 25న ఆ కార్ఖానా తగలబడింది. ఒక తలుపుకు తాళం వేసి ఉంది, బయటి ఇనుప నిచ్చెన కూలిపోయింది. చనిపోయిన 146 మందిలో 123 మంది స్త్రీలు. యజమానులు నిర్దోషులుగా బయటపడ్డారు. యూనియన్‌లోనూ కుర్చీలు మగవాళ్ళవే. ఆడవాళ్ళు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతారు, వాళ్ళ మీద డబ్బు ఖర్చెందుకన్నది నాయకుల ధోరణి. సొంత యజమానితో, సొంత నాయకులతో, బయటి పోలీసుతో, ముగ్గురితోనూ పోరాడాల్సి వచ్చినప్పుడే ఓటు సంగతి ఈ అమ్మాయిలకు నేరుగా తగిలింది. ఫ్యాక్టరీ చట్టం చేసేవాడు శాసనసభ్యుడు, అతన్ని దించే శక్తి తమకు లేదు. టోపీలు కుట్టే పనిలోంచి వచ్చిన రోజ్ ష్నైడర్‌మన్ దీన్ని అందరికన్నా పదునుగా చెప్పింది. ఓటేస్తే ఆడవాళ్ళ సౌకుమార్యం చెడిపోతుందని ఒక సెనేటర్ వాపోతే, చాకిరేవు కార్ఖానాల్లో పదమూడు పద్నాలుగు గంటలు నిలబడి, మరిగే గంజిలో చేతులు పెట్టేవాళ్ళకు ఏడాదికోసారి పెట్టెలో కాగితం వేస్తే చెడిపోయే అందం ఇంకేం మిగిలిందని ఎదురడిగింది. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలో స్త్రీల ఓటు హక్కు మీద జనవాక్య సేకరణ జరిగింది. నగరం బయట ఓడిపోయిన ప్రతిపాదనను నగరం ఇచ్చిన సుమారు లక్ష మెజారిటీ గెలిపించింది. అందులో యూదు పేటల మద్దతు గట్టిది.

బతుకుతెరువే కారణమైతే, పక్క మిషను మీద కూర్చున్న ఇటాలియన్ అమ్మాయిలు 1909లో ఎందుకు అంతగా కదల్లేదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. యూనియన్ సభలు యిడ్డిష్‌లో నడిచేవి, కరపత్రాలు యిడ్డిష్‌లో ఉండేవి, వాళ్ళను పిలవడానికి వాళ్ళ భాష వచ్చిన మనుషులే తక్కువ. ఇటాలియన్ మగవాళ్ళు చాలామంది నాలుగు డబ్బులు కూడబెట్టి ఊరికి తిరిగి పోదామని వచ్చినవాళ్ళు, యూదులకు తిరిగి వెళ్ళే చోటు లేదు. పైగా 1897లో విల్నాలో పుట్టిన బుండ్ అనే యూదు కార్మిక పార్టీ వల్ల సమ్మె అంటే ఏమిటో కొందరికి అక్కడే తెలుసు. 1919లో ఇటాలియన్ భాషలోనే నడిచే లోకల్ 89 అనే యూనియన్ శాఖ ఏర్పడ్డాక ఆ ఆడవాళ్ళూ వేల సంఖ్యలో చేరారు, కొన్నేళ్ళకు అది ఆ యూనియన్‌లోకెల్లా పెద్ద శాఖ అయింది. పని ఒక్కటే చాలదు, సొంత భాషలో సంఘమూ కావాలని నా వాదనను సవరించుకోవచ్చు. సవరణతో అది బలపడుతుందే తప్ప పడిపోదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 1960ల స్త్రీవాదులు కాలేజీ చదువులు చదివి, తోటలున్న ఇళ్ళలో ఉన్న మధ్యతరగతి వాళ్ళు, వాళ్ళకూ కుట్టుమిషన్లకూ ఏం సంబంధం? ఫ్రీడన్ కూడా తనను విసిగిపోయిన గృహిణిగానే పాఠకులకు పరిచయం చేసుకుంది. కానీ చరిత్రకారుడు డేనియల్ హొరోవిట్జ్ 1998లో ఆమె పాత రాతలు తవ్వి తీశాడు. 1946 నుంచి కొన్నేళ్ళు ఆమె విద్యుత్ పరికరాల కార్మికుల యూనియన్ పత్రికలో విలేకరి. స్త్రీ కార్మికులకు సమాన జీతం గురించి 1952లోనే కరపత్రం రాసింది. కమ్యూనిస్టు అన్న ముద్ర పడితే కొంప మునిగే రోజుల్లో ఆ గతాన్ని ఎందుకు పక్కన పెట్టిందో ఊహించడం కష్టం కాదు. ఆబ్జుగ్ మాంసం కొట్టు నడిపే ఆయన కూతురు. ఫీజు లేని హంటర్ కాలేజీలో చదివి కార్మిక సంఘాల తరఫు వకీలు అయింది. గిన్స్‌బర్గ్ తల్లి సీలియా బట్టల కార్ఖానా పేటలో పనిచేసి, ఆ జీతంతో అన్నను కాలేజీకి పంపింది, తను చదవలేదు. కూతురు 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది. రెండింటికీ మధ్య దూరం ఒక్క తరమని ఆమే అనేది.

మతానికి అసలు పాత్రే లేదనను. ఆబ్జుగ్ పదమూడో ఏట తండ్రి పోతే, కొడుకులు మాత్రమే చదవాల్సిన కద్దిష్ ప్రార్థనను ఏడాది పాటు రోజూ సినగాగ్‌కు వెళ్ళి చదివింది. గిన్స్‌బర్గ్ తల్లి చనిపోయినప్పుడు ఇంట్లో పదిమంది లెక్కలో కూతురికి చోటు దొరకలేదు. ఈ దెబ్బలు తగిలాయి, మిగిలాయి. కానీ క్రమం చూడండి. బయటి ఉద్యమం బలపడ్డాకే ఆ బలంతో ఆడవాళ్ళు మతంలోకి తిరిగి వచ్చి హక్కులడిగారు. 1972లో ఎజ్రత్ నాషిమ్ అనే చిన్న బృందం యూదుమతంలోని కన్సర్వేటివ్ శాఖ రబ్బీల సమావేశానికి వెళ్ళి డిమాండ్లు పెట్టింది, అదే ఏడాది శాలీ ప్రీసండ్ అమెరికాలో మొదటి మహిళా రబ్బీ అయింది. నా లెక్కలో ఇమడని మనిషి ఒకరున్నారు. వియన్నా సంపన్నుల బిడ్డ బెర్తా పాపెన్‌హైమ్. వైద్యగ్రంథాల్లో 'అన్నా ఓ' పేరుతో రోగిగా మిగిలిన ఆమె, మతనిష్ఠ వదలకుండానే 1904లో జర్మనీలో యూదు స్త్రీల సంఘం స్థాపించింది. ఆమె పోరాడింది మాత్రం పేదరికం వల్ల వ్యభిచార వ్యాపారానికి అమ్ముడుపోతున్న తూర్పు యూరప్ పిల్లల కోసం.

అన్నట్టు ఈ కథ కొస ఒకటి మన దాకా వచ్చింది. 1969లో బోస్టన్‌లో కొందరు ఆడవాళ్ళు, వారిలో ఎక్కువమంది యూదులు, తమ శరీరాల గురించి డాక్టర్లు చెప్పనివి తామే చదివి రాసుకోవడం మొదలుపెట్టారు. అది 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' అయింది. ఆ కోవలోనే 1991లో హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చింది.

చివరి అభ్యంతరం: పుట్టుక చూసి మనుషుల్ని ఇలా లెక్కపెట్టడమే ప్రమాదం కాదా? ప్రమాదమే. స్త్రీ విముక్తి అనేది యూదు మేధావులు కనిపెట్టిన మాటని 1934లో న్యూరెంబర్గ్‌లో హిట్లర్ స్త్రీల సభకు చెప్పాడు. నాలుగేళ్ళకు పాపెన్‌హైమ్ పెట్టిన సంఘాన్ని నాజీలు మూసేశారు. ఈ లెక్క ఇప్పటికీ విద్వేషానికి పనికొస్తుంది. అలాగని లెక్క వదిలేస్తే దాన్ని వాళ్ళకే వదిలేసినట్టు. కారణం నెత్తురులో లేదని చూపించడానికి న్యూయార్క్‌లోనే ఒక ఇల్లుంది. మాడ్ నాథన్, ఆనీ నాథన్ మేయర్ అక్కచెల్లెళ్ళు, తరాలుగా అమెరికాలో స్థిరపడ్డ కులీన యూదు వంశం. చెల్లెలు ఆనీ ఆడపిల్లల కోసం 1889లో బార్నర్డ్ కాలేజీ రావడానికి కారణమైంది, కానీ ఓటు హక్కును మాత్రం గట్టిగా వ్యతిరేకించింది. అక్క మాడ్ ఓటు ఉద్యమంలో ముందుంది. ఇద్దరూ పత్రికలకు ఉత్తరాలు రాసి మరీ బహిరంగంగా తగవులాడుకున్నారు. అక్కను అటు నడిపించింది వినియోగదారుల సంఘంలో ఆమె చేసిన పని. దుకాణాల్లో నిలువుకాళ్ళ మీద పనిచేసే అమ్మాయిల కోసం ఒక చట్టం కావాలని శాసనసభ్యుల దగ్గరికి వెళ్తే, ఓటు లేని ఆడవాళ్ళ మాట వాళ్ళు చెవిన పెట్టలేదు.